బేకర్ మోతను తీసేసిన ఏళ్లు

జర్మనీలో ఇల్మెనౌ అనే ఊళ్లో చదువుకునే మన పిల్లలు కొందరు పోయిన చలికాలం నన్ను జూమ్‌లో మాట్లాడమని అడిగారు. నేను సరే అనేలోపే పోస్టరు కూడా వేసేశారు. నా ఫొటో పక్కన ఒక రాకెట్ బొమ్మ, కింద ‘ఆకాశమే హద్దు’ అని అక్షరాలు. నేను ముప్పై ఏళ్లకు పైగా పని చేసింది నీళ్ల కింద తిరిగే వాటి కోసం. ఆకాశంతో నాకెప్పుడూ పని పడలేదు. గొంతు బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను. గొంతు బాగానే ఉంది. రెండేళ్లుగా తెర మీద ముఖాలు చూసి చూసి విసుగెత్తిపోయింది, అంతే.

కానీ వాళ్లు అడిగిన ప్రశ్న మంచిదే. అసలు ఆ ఉద్యోగంలో మీరు చేసిందేమిటి అని అడిగారు. దానికి జవాబు రాసి ఇస్తానన్నాను. రాయడమైతే మధ్యలో లేచి టీ పెట్టుకోవచ్చు. ప్రమోషన్ల సంగతి, వీసాల సంగతి ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పేవాళ్లు మీకు ఎటు తిరిగినా తగులుతారు.

రబ్బరు దిమ్మలు

ఒక్క ముక్కలో చెప్పాలంటే, నేను యంత్రాల కాళ్ల కింద రబ్బరు పెట్టే ఇంజనీరుని. మోటారు తిరిగితే వణుకుతుంది. ఆ వణుకు నేలలోకి దిగితే మోత అవుతుంది. మధ్యలో సరైన రబ్బరు దిమ్మ పెడితే వణుకు చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఈ దిమ్మల్ని మేం మౌంట్లు అంటాం. బ్యోబ్లింగెన్ దాటాక పొలాల మధ్య ఉన్న ఒక చిన్న కంపెనీలో వీటిని తయారుచేసేవాళ్లం. ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలకు, ప్రింటింగ్ ప్రెస్సులకు, ఓడలకు పంపేవాళ్లం. వీటన్నిటికంటే పేచీకోరు పని స్వీడన్ జలాంతర్గాముల పంపులది.

నీళ్ల కింద కళ్లు పనిచెయ్యవు. జలాంతర్గామి బతికేది చెవుల మీద. దాన్ని వెతికేవాడు బతికేదీ చెవుల మీదే. లోపల ఒక పంపు గట్టిగా మోగిందంటే బయటివాడికి దారి చూపించినట్టే. అందుకే మౌంట్ల మీద పంపు పెట్టి మోత కొలిచే పరీక్ష రోజు కంపెనీలో చావు ఇంట్లో ఉన్నంత నిశ్శబ్దం ఉండేది. హాల్లో ట్యూబులైట్లు ఆపేసేవాళ్లం. క్యాంటీన్ ఫ్రిజ్ ప్లగ్గు పీకేసేవాళ్లం. అందరం బూట్లు విప్పి మేజోళ్లతో నడవాలి. చేతి గడియారాలు సొరుగులో పడాలి.

మొదటిసారి నన్ను గాజులు తియ్యమన్నారు. కొత్త పెళ్లికూతుర్ని. రెండు చేతులనిండా విశాఖ నుంచి వేసుకొచ్చిన గాజులు. తీసి ఒక కాఫీ కప్పులో పెట్టాను. మా అత్తగారికి తెలిస్తే ఆ కంపెనీని శపించి ఉండేది. ఆ తర్వాత ఎందుకొచ్చిన గొడవని ఒక్క బంగారు గాజుతోనే ఉండిపోయాను. ఉద్యోగం నాలో మార్చిన మొదటి విషయం అదే. దాన్ని ఎవరూ పోస్టరు మీద వెయ్యరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పని అంతా చేసి కూడా నేను స్వీడన్ జలాంతర్గామి లోపలికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. మా రబ్బరు వెళ్లేది, మేం వెళ్లేవాళ్లం కాదు. నేను లోపలికి దిగి చూసిన జలాంతర్గామి ఒక్కటే. మన విశాఖ బీచ్ రోడ్డులో ఇసుక మీద నిలబెట్టిన రష్యా తయారీ ముసలిది. సెలవుల్లో వెళ్లినప్పుడు టికెట్టు కొనుక్కుని దిగాను. పంపు కనబడగానే కింద కూర్చుని దాని కాళ్ల కింద ఏముందో చూశాను. వెనక వరసలో వాళ్లు “ఏటమ్మా, కాలు జారిందా?” అని కంగారుపడ్డారు.

గున్నార్ చెప్పిన చరిత్ర

స్వీడన్ తరఫున మా దగ్గర తనిఖీకి వచ్చే మనిషి పేరు గున్నార్. ఒక చిన్న తనిఖీ సంస్థ అతన్ని పంపేది. అంతకుముందు చాలాకాలం జలాంతర్గాముల్లో మెకానిక్‌గా తిరిగాడు. మా హాలు గుమ్మంలో వంగి రావాల్సినంత పొడుగు. గుమ్మానికి అవసరమైన దానికన్నా ఇంకాస్త ఎక్కువే వంగేవాడు. జలాంతర్గామిలో అలవాటైన వంగడం అది.

పరీక్షకు ముందు హాలు చల్లబడేదాకా, భవనంలో చప్పుళ్లు సద్దుమణిగేదాకా గంటలు గంటలు ఊరికే కూర్చోవాలి. ఆ గంటల్లోనే నేను స్వీడన్ జలాంతర్గాముల చరిత్ర నేర్చుకున్నాను. గున్నార్ చరిత్రను సంవత్సరాలతో చెప్పేవాడు కాదు, మోతలతో చెప్పేవాడు.

“మా మొదటిది హాయెన్,” అనేవాడు. అంటే సొరచేప అని వాళ్ల భాషలో. 1904లో నీళ్లలోకి దింపారు. దాన్ని గీసిన ఇంజనీరు అమెరికా వెళ్లి నేర్చుకొచ్చాడు. కిరసనాయిలు ఇంజను. “అది వస్తోందంటే ఒడ్డున కుక్కలు మొరిగేవట. దాక్కునే ఓడకి అంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?” అని తనే నవ్వేవాడు.

వాళ్ల బాల్టిక్ సముద్రం లోతు తక్కువ. ఒడ్డు పొడుగునా లెక్కలేనన్ని చిన్న దీవులు. ఉప్పు తక్కువ నీళ్లు పొరలు పొరలుగా ఉంటాయి, ఒక్కో పొరలో శబ్దం ఒక్కో దారి పడుతుంది. పెద్ద దేశాల పెద్ద జలాంతర్గాములు అక్కడ పనికిరావు. చిన్నగా ఉండాలి, చప్పుడు చెయ్యకుండా ఉండాలి. వాళ్ల చరిత్ర మొత్తం ఈ రెండు మాటల చుట్టూ తిరిగిందని గున్నార్ అనేవాడు.

ఉల్వెన్ గురించి ఒక్కసారే చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో స్వీడన్ ఏ పక్షమూ కాదు. అయినా 1943లో ఉల్వెన్ ఒక మైనుకు తగిలి మునిగిపోయింది. అందులో ఉన్నవాళ్లెవరూ తిరిగి రాలేదు. లోపలి నుంచి ఎవరైనా ఇనుము మీద తడతారేమోనని పైవాళ్లు చెవులొగ్గి ఉన్నారని తన చిన్నప్పుడు పెద్దవాళ్లు చెప్పుకోవడం విన్నాడట. “ఆ మైను మీ వాళ్లది,” అన్నాడు మా బాసు బౌమన్ వైపు చూసి, కోపం లేకుండా. బౌమన్ కాఫీ కప్పు కింద పెట్టి, “తెలుసు,” అన్నాడు.

మిగతా చరిత్ర హుషారుగా చెప్పేవాడు. అరవైల్లో వాళ్లు చేప ఆకారంలో ఒక కొత్త తరగతి కట్టారు, వెనక చుక్కాని గుణకారం గుర్తులా ఉంటుంది. 1981లో సోవియట్ జలాంతర్గామి ఒకటి వాళ్ల నౌకా స్థావరం పక్కనే రాళ్ల మీదికెక్కి కూర్చుంది. ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం గున్నార్ లేచి నిలబడి చేతులతో నటించి చూపించేవాడు. ఎనభైల చివర ఒక పాత జలాంతర్గామిని నడుం దగ్గర కోసి, మధ్యలో కొత్త ముక్క అతికారు. ఆ ముక్కలో స్టిర్లింగ్ ఇంజను. వెంట తీసుకెళ్లిన ద్రవ ఆక్సిజన్‌తో నూనె మండించి, ఆ వేడితో నడిచే ఇంజను. లోపల పేలుళ్లు ఉండవు కాబట్టి మోత తక్కువ. గాలి కోసం రోజూ పైకి రానక్కర్లేదు. తొంభైల్లో దీన్ని మొదటి నుంచీ మనసులో పెట్టుకుని కొత్త తరగతే కట్టారు. తర్వాత అమెరికా వాళ్లు అందులో ఒకదాన్ని అద్దెకు తీసుకుని, మా పెద్ద ఓడలు దీన్ని పట్టుకోగలవో లేదో చూద్దాం అని అభ్యాసం పెట్టుకున్నారు. “పట్టుకోవడానికి చాలా కష్టపడ్డారు,” అనేవాడు గున్నార్, తన కూతురికి ఫస్ట్ క్లాస్ వచ్చినట్టు.

మధ్యలో కొన్నేళ్లు వాళ్ల షిప్‌యార్డు జర్మన్ల చేతికి వచ్చింది, మళ్లీ వెనక్కి వెళ్లింది. జర్మన్ల ఇష్టం హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్, స్వీడన్ వాళ్ల ఇష్టం స్టిర్లింగ్. మాలాంటి చిన్న కంపెనీలకు ఇద్దరి సణుగుడూ వినే యోగం పట్టింది. ఇంజనీర్ల జాతీయాభిమానం అంత చిన్నపిల్లల వ్యవహారం ఇంకోటి లేదు. ఇది నా అభిప్రాయం, నాకు దీని మీద ఓపిక లేదు.

బేకర్

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా హాలుకు కంచె అవతల ఒక ఫ్యాక్టరీ ఉండేది. హోటళ్లకు, స్కూలు క్యాంటీన్లకు బ్రెడ్డు పిండి ముద్దలు గడ్డకట్టించి అమ్మేవాళ్లు. వాళ్ల కోల్డ్ స్టోరేజీ కంప్రెసరు పగలూ రాత్రీ, ఆదివారం, క్రిస్మస్ అని లేకుండా తిరిగేది. మేం ఎంత నిశ్శబ్దం చేసినా మా కొలతల్లో దాని సన్నటి మోత ఒకటి పడేది. కంపెనీలో అందరూ దాన్ని బేకర్, అంటే రొట్టెలవాడు, అనేవాళ్లు. కొలత తియ్యడం, అందులోంచి బేకర్‌ని తీసెయ్యడం, మిగిలిందే పంపు మోత అని రాసుకోవడం. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మొదటి వారం నేర్పేది ఇదే. నాకూ నేర్పారు. నేనూ చాలామందికి నేర్పాను.

గున్నార్ ఒక్కడే దీన్ని ఒప్పుకోలేదు.

“పంపు ఆపి ఉన్నప్పుడు బేకర్ వినిపిస్తున్నాడు. సరే,” అన్నాడు ఒకసారి. “పంపు వేసి కాసేపు నడిచాక బేకర్ పెద్దవాడవుతున్నాడు. మన పంపు ఎప్పుడు వేస్తున్నామో అతనికెలా తెలుసు?”

“మధ్యాహ్నం ఎండకి వాళ్ల కంప్రెసరు ఎక్కువ కష్టపడుతుంది,” అన్నాడు బౌమన్.

“ప్రతిసారీ సరిగ్గా మనం పంపు వేశాకేనా?”

రెండు మోటార్లూ ఒకే కరెంటు మీద తిరుగుతాయి కాబట్టి వేగం ఇంచుమించు ఒకటే, శ్రుతీ ఒకటే. ఎంతవరకు బేకర్, ఎక్కడ్నుంచి మనం అని చెవికీ తెలియదు, యంత్రానికీ తెలియదు. గున్నార్ కంచె దాటి వెళ్లి ఒక గంట కంప్రెసరు ఆపమని బేకరీ మేనేజర్ని అడిగాడు. అతను నవ్వి పంపేశాడు. పోనీ వేరే చోట పరీక్ష పెట్టండి అన్నాడు గున్నార్. సరుకు ఆలస్యమవుతుందని బౌమన్ ఒప్పుకోలేదు.

బౌమన్ గురించి న్యాయంగా చెప్పాలి. చెడ్డవాడు కాదు. నాకు పిల్ల పుట్టినప్పుడు కీటాలో, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోట, ఖాళీ దొరక్కపోతే తన ఆఫీసు పక్క గదిలో ఊయల వేయించిన మనిషి. జర్మన్ రానప్పుడు నా తప్పులకు ఎవరూ నవ్వకుండా చూసిన మనిషి. కానీ ఆ హాలు తన చేత్తో కట్టించాడు. ఆ హాల్లో పుట్టిన కొలత తప్పని ఎవరైనా అంటే, అతనికి నీ ఇల్లు వంకరగా కట్టావని అన్నట్టుండేది. అలాంటి బాసులు మీకూ దొరుకుతారు. వాళ్లకి మీరు రుణపడి ఉంటారు, అదే అసలు చిక్కు.

ఒక వసంతంలో గున్నార్ మా కొలతల కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. సరుకు ఆగిపోయింది. రెండు వైపులా ఫోన్లు మోగాయి. ఇతను ముసలివాడైపోయాడు, లేని మోతలు వింటున్నాడు అని బౌమన్ అతని పై వాళ్లతో అన్నాడు. వాళ్లకూ పని జరగడమే కావాలి. గున్నార్‌ని తనిఖీల నుంచి తీసేసి, కొత్త కుర్రాళ్లకు పాఠాలు చెప్పుకోమన్నారు. జలాంతర్గాముల చరిత్ర పాఠాలు. అతనికి చెవులే బతుకు. చెవులు పనిచెయ్యడం లేదని ముద్ర వేసి పక్కన పెట్టారు.

వెళ్లిపోయే రోజు నన్ను అడిగాడు. “నీకు ఏమనిపిస్తోంది? నిజం చెప్పు.”

“నాకు తెలియదు,” అన్నాను. అది నిజమే. కానీ తెలుసుకోవడానికి నేనేమీ చెయ్యలేదు. అతను తల ఊపి, గుమ్మంలో వంగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపేవాడు. కింద ఒకే వాక్యం ఉండేది, ‘బేకర్‌ని అడిగానని చెప్పు’ అని. కొన్నేళ్లకు అది నాకు సరదాగా అనిపించడం మానేసింది.

బేకరీ మూసిన రోజులు

2020 వసంతంలో అన్నీ మూసేశారు. మా కంపెనీలో సగం మందిని కుర్జ్‌ఆర్బైట్‌లో పెట్టారు, అంటే సగం పని, సగానికి కాస్త ఎక్కువ జీతం. నేను ఆ ఏడాదే రిటైర్ కావాలి. ఇంకొన్నాళ్లు ఉండమని బౌమన్ బతిమాలాడు. డెబ్బై దాటినా తనూ కుర్చీ వదలలేదు. స్వీడన్ నుంచి మనుషులు రాలేరు. ఒక పాత జలాంతర్గామి మరమ్మతుకు పంపుల కింద కొత్త మౌంట్లు కావాలి, వీడియోలో చూపిస్తే చాలన్నారు. మాస్కు, కళ్లద్దాల మీద ఆవిరి, మేజోళ్లతో నడక. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ కాళ్లు లాగుతాయి.

మా దగ్గర కీర్తన అనే అమ్మాయి కొత్తగా చేరింది. వరంగల్ పిల్ల, ఇల్మెనౌలో చదివింది. బ్లూ కార్డు వీసా మీద ఉంది, జర్మన్ పౌరురాలు కాదు కాబట్టి మిలిటరీ పని జరిగే హాల్లోకి ఆమెకు ప్రవేశం లేదు. పక్క హాల్లో ఆసుపత్రి యంత్రాల మౌంట్లు పరీక్షించేది. రెండు హాళ్లకూ నేల ఒక్కటే.

ఒక రోజు గుమ్మం బయట దూరంగా నిలబడి నన్ను పిలిచింది.

“మేడమ్, ఒక డౌటు. అడిగితే ఏమనుకోరు గద?”

“ఏటమ్మా, అడుగు.”

“హోటళ్లన్నీ బంద్ అయినయని బేకరీ వాళ్లు కోల్డ్ స్టోరేజీ ఖాళీ చేసి కంప్రెసర్ బంద్ పెట్టిన్రట. సెక్యూరిటీ ఆయన చెప్పిండు. మరి నా కొలతల్ల బేకర్ ఇంకా వస్తున్నడు. బందైన బేకర్ ఎక్కడ్నుంచి వస్తున్నడు?”

అప్పుడు నా హాల్లో పంపు తిరుగుతోంది. లోపలికి వెళ్లి ఆపాను. గుమ్మం దగ్గరికొచ్చి, “ఇప్పుడు చూడు,” అన్నాను.

ఆమె వెళ్లి చూసి వచ్చింది. “పోయిండు, మేడమ్.”

మళ్లీ పంపు వేశాను. వెంటనే ఏమీ రాలేదు. పంపు వేడెక్కాక సన్నగా మొదలైంది. కింద కూర్చుని చూస్తే కారణం కనబడింది. యంత్రం ఊగకుండా పక్కన ఒక ఇనుప పట్టీ పెడతాం. పంపు వేడికి అది వెంట్రుకవాసి ఉబ్బి మౌంటు పైభాగానికి ఆనుకుంటోంది. రబ్బరును దాటుకుని ఇనుము నుంచి ఇనుముకి వణుకు దిగిపోతోంది. ఇన్నేళ్లూ అదే. ఇన్నేళ్లూ దాన్ని బేకర్ అని పేరు పెట్టి మేమే తీసేస్తూ వచ్చాం.

కీర్తన ఇంకో అడుగు వెనక్కి వేసింది. “మేడమ్, నేను చెప్పినట్టు ఎవరికీ తెల్వనియ్యకండి. నా ప్రోబెట్సైట్ ఇంకా అయిపోలే, ప్రొబేషన్లనే ఉన్న. ఇప్పుడు తీసేస్తే ఈ కరోనాల ఇంకో జాబ్ ఎక్కడ దొరుకుతది? బ్లూ కార్డు పోతది.”

గున్నార్ కథ ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయినా ఆ భయం సరైనదే.

బౌమన్‌ని హాల్లోకి పిలిచాను. వచ్చి బూట్లు విప్పి కూర్చున్నాడు. పంపు ఆపాను, వేశాను, ఆపాను. “ఇంకోసారి,” అన్నాడు. మళ్లీ చేశాను. “ఇంకోసారి.” అలా ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టలేదు. చివరికి మాస్కు కిందికి లాగి ముఖం తుడుచుకున్నాడు.

“ఎవరు కనిపెట్టారు?” అన్నాడు.

“ప్రోబెట్సైట్‌లో ఉన్న ఒక మనిషి. ముందు ఆ మనిషి ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టండి. అప్పుడు పేరు చెప్తాను.”

“నన్ను అంత చెడ్డవాణ్ని అనుకుంటున్నారా?”

“అనుకోవడం లేదు. కానీ గున్నార్ విషయంలో ఏం చేశారో చూశాను.”

తన మేజోళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. బొటనవేలు దగ్గర చిరుగు ఉంది. తర్వాత మూడో రోజున సంతకం పెట్టిన కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఆ కాగితంలో పేరు ఖాళీగా ఉంది, నన్నే నింపమన్నాడు. స్వీడన్ వాళ్లకి విషయం తెలియజేశాడు. సరుకు వెనక్కి తెప్పించే ఖర్చు తనే పెట్టుకున్నాడు. గున్నార్‌కి మాత్రం తను చెప్పలేకపోయాడు. “లాయరుని అడగాలి,” అన్నాడు. లాయరు వారాల తరబడి జవాబివ్వలేదు. బౌమన్ కూడా తొందరపెట్టలేదు.

ఫోను

నేను ఆగలేకపోయాను. గున్నార్ కూతురు కారిన్ నంబరు క్రిస్మస్ కార్డు మీద ఉండేది. ఆమె జర్మన్ బాగా మాట్లాడుతుంది. నాన్న ఒక వృద్ధాశ్రమంలో ఉన్నాడని, చూడటానికి ఎవర్నీ రానివ్వడం లేదని చెప్పింది. తను కూడా కిటికీ బయట నిలబడి చెయ్యి ఊపి వస్తోందట. నర్సుతో మాట్లాడి ఫోను ఏర్పాటు చేసింది.

గున్నార్ గొంతు సన్నబడిపోయింది. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి, నేను ఒక్కసారి చెప్పిందే సరిపోయింది. బేకరీ మూతపడిందని, పంపు వేస్తే మోత వస్తోందని, ఆపితే పోతోందని చెప్పాను. ఏడుస్తాడేమో అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

“నువ్వు చెప్పిందే నిజం, గున్నార్,” అన్నాను.

“ఇంకా తెలియదు,” అన్నాడు. “బేకర్ లేనప్పుడు కొలిచావు. అది సగమే. అతను తిరిగి వచ్చాక కొలువు. అతను ఒక్కడే, మన పంపు ఒక్కటే, రెండూ కలిపి. ఆ రెండూ కలిసి మన పాత కొలతంత వస్తే, అప్పుడు నాకు ఫోను చెయ్యి.”

“అంతదాకా ఎందుకు? నాకు తెలిసిపోయింది కదా.”

“బౌమన్‌కి కూడా అలాగే తెలిసిపోయింది,” అన్నాడు.

అంతకన్నా పెద్ద పాఠం నాకు ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు. చెప్పిన రోజు మాత్రం నాకు అతని మీద కోపం వచ్చింది. అంత దూరం నుంచి ఒక మంచి మాట తీసుకొస్తే, అందుకోడానికి ఒప్పుకోలేదు.

వేసవిలో హోటళ్లు కొంత తెరిచారు. కంచె అవతల కంప్రెసరు మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. నేను, బౌమన్ హాల్లో కూర్చుని గున్నార్ చెప్పినట్టే కొలిచాం. బేకర్ ఒక్కడే. పంపు ఒక్కటే. రెండూ కలిపి. పాత కొలతతో సరిగ్గా కుదిరింది. బౌమన్ లేచి బూట్లు తొడుక్కుంటూ, “ఫోను చేసినప్పుడు నేను క్షమాపణ అడిగానని చెప్పండి,” అన్నాడు. “లేదు, వద్దు. నేనే మాట్లాడతాను. ముందు మీరు చెయ్యండి.”

చేశాను. కారిన్ ఎత్తింది. నాన్న పోయాడని చెప్పింది. ఆశ్రమంలోకి కరోనా వచ్చిందట. చివరిదాకా ఆమె కిటికీ బయటే ఉందట.

బౌమన్ నా ముఖం చూసి మళ్లీ కూర్చుండిపోయాడు.

కారినే అడిగింది. “చివరికి ఏం తేలింది?”

“బేకర్‌ది కొంత. మాది కొంత. మీ నాన్న చెప్పింది చెప్పినట్టే.”

ఆమె నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. “మా ఇంట్లో ప్రతి పండగ భోజనానికీ ఆ బేకర్ వచ్చేవాడు. మా అమ్మ విసిగిపోయి, ఆ పేరెత్తితే కాఫీ ఇవ్వనని రూలు పెట్టింది. అమ్మ పోయేదాకా ఆ రూలు నడిచింది.” కాస్త ఆగి, “నేను ఆ మోత ఎప్పుడూ వినలేదు. వినొచ్చా?” అంది.

పంపు మోత రహస్యం. అది వినిపిస్తే నేను జైలుకి పోవాలి. బేకర్ మోత ఎవరి రహస్యమూ కాదు. బూట్లు లేకుండానే బయటికి నడిచి, కంచె దగ్గర నిలబడి, ఫోను పైకెత్తి కంప్రెసరు వైపు పట్టుకున్నాను. ఎండగా ఉంది. గడ్డి అరికాళ్లకు గుచ్చుకుంటోంది.

“వినిపిస్తోందా?”

“ఊ... ఇంతేనా?” అంది.

“ఇంతే.”

“దీనికోసమా?”

ఫోను దించబోతుంటే, “ఉండండి, కాసేపు అలాగే పట్టుకోండి,” అంది.

చెయ్యి నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాను. తర్వాత రెండో చేత్తో పట్టుకున్నాను.